భీమేశ్వరరావు స్పేసుబారు నొక్కిన వైనము

వినుడు, వినుడు! చెవి యున్నవారెల్లరు వినుడు! గ్రీష్మప్రచండమార్తాండుడు దిల్లీ నగరమును పెనముగా జేసి, నోయిడా మొదలు వైశాలి వరకు గల సమస్త జనులను అట్లవలె తిరుగవేయుచున్న ఒకానొక ఆదివారము పూట, ఇందిరాపురమున గగనచుంబియగు అపార్టుమెంటు తొమ్మిదవ యంతస్తున, ఏసీ యను శీతలదేవత కరుణాకటాక్షముతో ప్రాణములు నిలుపుకొనుచున్న ఒక పడకగదిలో, కంప్యూటరు తెర యెదుట ప్లాస్టిక్కు సింహాసన మధిష్ఠించి, లుంగీ యెగగట్టి, కుడిచేతి చూపుడువ్రేలిని స్పేసుబారుపై నిలిపి గడగడ వణకుచున్న మహావీరు డొకడు కలడు. అతడే కేంద్రప్రభుత్వ సెక్షనాఫీసరు, ఫైలుభారధురంధరుడు, భీమేశ్వరరావు.

ఈతని కొక వ్రతము కలదు. సొంతముగా ఏ నిర్ణయమును చేయడు. ఉద్యోగమున చేరిన నాటినుండి ఏ ఫైలు బల్లమీదికి వచ్చినను "ఆదేశములకై సమర్పించడమైనది" అని వ్రాసి, పైవాని నెత్తికెక్కించి, చేతులు దులుపుకొనుటయే యెరుగును. ఇంటికడ నైతే మంత్రము మరింత చిన్నది. ఆ పూట కూడ ధర్మపత్ని సరోజిని వంటింటి గడపనుండి "ఏవండీ, సొరకాయ వండనా, బీరకాయ వండనా?" అని యడుగగా, తెరనుండి కన్నెత్తకయే ఆ మంత్రమును ప్రయోగించెను.

"నీ ఇష్టం."

"ఎప్పుడడిగినా ఇదే మాట. దీనికన్నా ఆ ఫ్రిజ్జుని అడగడం నయం," అని ఆమె లోనికేగెను.

సెలవుదినములలో దిక్కుతోచక యిల్లంతయు కాలుగాలిన పిల్లివలె తిరుగు తండ్రిని చూచి జాలిపడి, కూతురు శ్రుతి కంప్యూటరులో ఒక ఆట పెట్టియిచ్చెను. అందు రాకెట్లు కట్టవలెను, ఎగురవేయవలెను, లేనిపోని కర్మాగారములవారు తమ యింజనులను పరీక్షింపుడని యిచ్చు కాంట్రాక్టులు పుచ్చుకొని కంపెనీని నడుపుకొనవలెను. కొలది వారములలోనే "భీమేశ్వర అంతరిక్ష సంస్థ" వెలసెను. దాని కధ్యక్షుడు అతడే. ఆ కుర్చీకి పైన మరొక కుర్చీ లేదు. ముప్పదియేండ్లుగా ఒకరి క్రింద కూర్చున్న మనిషికి అది యెంత తీయగా నుండునో వేరుగా చెప్పవలెనా?

కాని ఆ సంస్థ కిపుడు చావుబ్రతుకుల ఘడియ. గర్జనా యంత్రాగారమువారి యింజను ఒకటి, పొట్టిది, లావుది, శ్రుతి ముద్దుగా "గోలూ" అని పిలుచునది, ఆకసమున నిర్ణీతమైన యెత్తున, నిర్ణీతమైన వేగమున పోవుచుండగా వెలిగింపబడవలెను. రెండును కుదిరినపుడు తెరపై రెండు గుర్తులు పచ్చబడును. అవి పచ్చగా నున్న యా రెప్పపాటులో స్పేసుబారు నొక్కవలెను. తప్పినచో కాంట్రాక్టు పోవును, సంస్థ మూతబడును.

తొలి సమరము అంతకు మున్నే ముగిసియుండెను. భూనభోంతరాళములు దద్దరిల్ల రాకెట్టు లేచెను. ఎత్తు పచ్చబడెను. వేగము పచ్చబడెను.

"అభీ, డాడీ! నొక్కండి!" అని ప్రక్కన నిలిచిన శ్రుతి యరచెను.

"ఇప్పుడేనా అమ్మా?"

"హా, అభీ!"

"ఖాయంగా నొక్కమంటావా?"

ఆ ముచ్చట తెమలులోపల పచ్చదనము కాస్తా పోయెను. రాకెట్టు పైకేగి, తలక్రిందులై, పనసకాయవలె సముద్రమున పడెను. గోలూ వెలుగలేదు. ఇక ఖజానాలో మిగిలినది ఒక్క రాకెట్టుకు సరిపడు సొమ్ము మాత్రమే.

శ్రుతి బ్యాగు భుజమున వేసికొనెను. నోయిడాలో స్నేహితురాండ్రు ఎదురుచూచుచుండిరి.

"క్యాబ్ ఆ గయీ, డాడీ. నేను వెళ్తున్నా."

"ఒక్క నిమిషం ఉండమ్మా. ఎప్పుడు నొక్కాలో చెప్పి పో."

"రెండూ గ్రీన్ అయితే నొక్కండి, బస్! కంపెనీ మీదే కదా డాడీ, ఫిర్ భీ పర్మిషన్ క్యోం?" అని తలుపు వేసికొని వెడలెను.

పై యధికారులు తిట్టిన తిట్లన్నియు గొడుగుమీది వానవలె జారిపోయినవే గాని, ఈ మాట మాత్రము జారలేదు. గుండెలో ములుకై నాటుకొనెను. తన కంపెనీకి తానే యనుమతి యడుగుట యేల యని బిడ్డ యన్నదానిలో తప్పేమున్నది? అతనికి సిగ్గు వేసెను.

అంత నా వీరుడు తన చూపుడువ్రేలిని కన్నులకెదుట నిలిపి యిట్లు పలికెను: "ఓ అంగుళీశ్వరా! ఫైలుపత్రపరివర్తనపరాయణా! ఇన్నాళ్లు కాగితములు త్రిప్పుటకే అరిగితివి గదా! కాలింగుబెల్లు నొక్కవలె నన్నను ఇంటివా రున్నారో లేరో యని వెనుకాడితివి గదా! నేడైనను నిటారుగా నిలువుము. నీ వెనుక నేనున్నాను. నా వెనుక ఎవ్వరును లేరు, అదియే చిక్కు!"

రాకెట్టు లేచెను. మేఘములను చీల్చెను. ఎత్తు పచ్చబడెను. వేగము ఊగిసలాడి, ఊగిసలాడి, పచ్చబడెను. వ్రేలు స్పేసుబారుపై వాలెను. వాలి, అక్కడనే ఆగిపోయెను. వ్రతభంగభీతుడై, చెమటలు క్రమ్ముకొన, ఆ మహావీరుడు వంటింటి దిక్కునకు ఆర్తనాదము చేసెను.

"సరోజా! నొక్కనా?"

మిక్సీ ఆగెను. వంటింటినుండి, కాపురము పెట్టిన నాటినుండి అతడు విసరిన యస్త్రమే తిరిగి అతనిమీదికి వచ్చెను.

"మీ ఇష్టం!"

ఇక అడుగుటకు ఇంట ఎవ్వరును లేరు. పచ్చదనము కొనయూపిరితో నుండగానే భీమేశ్వరరావు కన్నులు మూసికొని నొక్కెను.

గోలూ గర్జించెను. అగ్నిశిఖలు రాకెట్టును గిరగిర త్రిప్పెను, రెక్క లూడగొట్టెను, తుదకు దానినిగూడ సముద్రమున ముంచెను. అయిన నేమి? తెరపై అక్షరములు వెలిగెను: పరీక్ష పూర్తి. సంస్థ నిలిచెను. రాకెట్టునుండి పారాచూటుపై దిగిన పొట్టి బొమ్మ వ్యోమగామి నీళ్లలో తేలుచు పండ్లికిలించెను.

భీమేశ్వరరావు సింహాసనము వెనుకకు పడునట్లు లేచి, వంటింటికి పరుగెత్తి, గడపలో నిలిచి సింహనాదము చేసెను.

"బీరకాయ!"

"సొరకాయ ఎప్పుడో ఉడికిపోయిందండీ."

వీరుడు వెనుదీయలేదు. "అయితే రేపు. రేపు బీరకాయ. నేను చెప్తున్నాను."

సరోజిని గరిటె ప్రక్కన పెట్టి, వచ్చి, అతని నుదుట చేయి వేసి చూచెను. జ్వరము లేదు.

"సరే, రేపు బీరకాయే," అనెను. అని, అటు తిరిగి నవ్వుకొనెను.

ఓ జనులారా! పైసంతకము లేకయే వెలువడిన ఆ మహాజ్ఞ సోమవారమునాడు అక్షరాలా అమలు జరిగెను. మధ్యాహ్నవేళ కార్యాలయమున టిఫిను డబ్బా తెరువబడెను. తోడి యుద్యోగులు కూర రుచి చూచి బాగున్నదనిరి. అది ఎవరి నిర్ణయమని ఎవ్వరును అడుగలేదు.

అడుగకపోయినను, భీమేశ్వరరావు చెప్పెను.