రెండు మిల్లీమీటర్ల తేడా

తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు ఆ రోజు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే భార్యకి ఏడో నెల స్కానింగ్ చేయించి, ఇంట్లో దింపి, మధ్యాహ్నానికల్లా బజారు మీద పడాలి. ఆయన వస్తున్నాడంటే కూరగాయల వాళ్ళు తక్కెడలు తుడుచుకుని కూచుంటారు. పాలవాడైతే ఆయనింట్లో ఓ చెంచాడు ఎక్కువే పోసి వెళ్తాడు.

స్కానింగ్ గదిలో లైటు తగ్గించారు. డాక్టరమ్మ పొట్ట మీద జెల్ రాసి, తెర మీద బిడ్డ గుండె, కాలేయం, తొడ ఎముక ఒక్కొక్కటే చూపిస్తూ కొలుస్తోంది. ఇల్లాలు కళ్ళప్పగించి బిడ్డని చూస్తుంటే, ఇన్‌స్పెక్టరు తెర మూలనున్న అంకెల్ని చూస్తున్నాడు. పెళ్ళయిన చాన్నాళ్ళకి ఆమె కడుపు పండింది. బిడ్డకి ఏ లోపమైనా ఉంటే తట్టుకోలేనని ఆయనకి లోలోపల వణుకు. అది పైకి చెప్పుకోలేక అంకెల్ని పట్టుకు వేలాడుతున్నాడు.

"ఎడమ కిడ్నీ ముప్ఫై మిల్లీమీటర్లు," అంది డాక్టరమ్మ. అంతలో బిడ్డ కదిలింది. ఆమె మళ్ళీ కొలిచింది. "ఇరవై ఎనిమిది. బాగుంది."

"ఏం బాగుందండీ? ఇంతలోనే రెండు మిల్లీమీటర్లు ఎటు పోయాయి?"

"ఎటూ పోలేదండీ. బిడ్డ తిరిగింది, కొలిచే కోణం మారింది. అందుకే రెండు మూడుసార్లు కొలిచి సగటు తీస్తాం. పెరుగుదల నెలకి తగ్గట్టే ఉంది."

"తూకంలో సగటు తీస్తానంటే బజార్లో ఎవణ్ణీ వదలను నేను!"

"ఏమండీ, ఇది బజారు కాదు," అంది ఇల్లాలు పళ్ళు బిగించి.

వింటేగా! విసురుగా బయట వరండాలోకొచ్చి, "మిషన్‌ని పరీక్షించేదాకా ఎవరూ లోపలికి రాకండి!" అని ప్రకటించాడు. మెడలో గుర్తింపు కార్డు చూసి, ఎవరో పై అధికారే అనుకున్నారంతా.

తేనెతుట్టె కదిపినట్టయింది. "మా కోడలికి కవలలన్నారు. మిషన్ తప్పయితే, నేను కొన్న రెండో ఉయ్యాల ఏం చేసుకోను?" అంది ఓ పెద్దావిడ. "నాకు వచ్చే నెలన్నారు. ఇవాళేనేమో!" అంటూ ఓ నిండు చూలాలు కుర్చీ గట్టిగా పట్టుకుంది. ఆమె మొగుడు ఆసుపత్రికి కారు మాట్లాడ్డానికి పరిగెత్తాడు. తామున్నది ఆసుపత్రిలోనే అన్న సంగతి గేటు దాటాక గాని ఆయనకి తట్టలేదు. ఈలోపు నిన్న కొలిపించుకున్నవాళ్ళకీ ఫోన్లు వెళ్ళాయి. వాళ్ళూ రిపోర్టులు పట్టుకుని దిగారు.

డాక్టరమ్మ నడుం మీద చేతులేసుకుని గుమ్మంలో నిలబడింది. "మీకు నమ్మకం కుదరాలంటే ఏం చెయ్యాలండీ?"

"కదలని దాన్ని కొలిచి చూపించండి."

"మీరు కదలకుండా ఉండగలరా?"

"నేనా?"

"మీరే. రండి, పడుకోండి."

ఇంతమందిలో వెనక్కి తగ్గితే పరువేం కాను? చొక్కా పైకెత్తి పడుకున్నాడు. జెల్ చల్లగా తగలగానే కెవ్వుమన్నాడు. ఊపిరి పీల్చినప్పుడు ఆయన ఎడమ కిడ్నీ ఒక అంకె చెప్పింది, వదిలినప్పుడు ఇంకొకటి చెప్పింది. కుడిదానికి ఆ రెండింటితోనూ పొత్తు కుదరలేదు.

"చూశారా? ఇంత మనిషి ఊపిరి తీస్తేనే ఇంత తేడా. అక్కడ బిడ్డ పల్టీలు కొడుతోందాయె. మీ బిడ్డకేం, నిక్షేపంలా ఉంది."

ఇన్‌స్పెక్టరు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నిజంగానా అండీ? నాకు కావలసింది ఆ ఒక్క మాటేనండీ," అంటూ లేవబోయాడు.

"కదలకండి." డాక్టరమ్మ తెర మీదికి వంగింది. "మీ కుడి కిడ్నీలో రాయుంది. ఎనిమిది మిల్లీమీటర్లు."

మిషన్ మంచిదేనని, వరండాలోంచి తొంగిచూస్తున్న అందరికీ ఒక్కసారిగా నమ్మకం కుదిరింది. ఎవరి కుర్చీలో వాళ్ళు కూచున్నారు.

ఇల్లాలు నవ్వాపుకుంటూ దగ్గరికొచ్చి మొగుడి చెయ్యి పట్టుకుంది. "ఇంకోసారి కొలవండి డాక్టరుగారూ. ఈయన ఓ పట్టాన నమ్మరు."

ఇన్‌స్పెక్టరు మాత్రం మొదటి అంకెకే ఒప్పేసుకున్నాడు.