వెయ్యో సంతకం

ఆ బుధవారం వెండెల్ పెల్కీ వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిను తిని, సంతకాల కాగితాలు ఎన్నికల ఆఫీసులో ఇచ్చి, ఇంటికొచ్చి పడుకోవాలి. వాళ్ళక్క ఏవిస్ అమెరికా అధ్యక్ష పదవికి స్వతంత్రంగా నిలబడటం ఇది ఐదోసారి. ఓటు కాగితం మీద ఆమె పేరు ఒక్కసారీ అచ్చు కాలేదు, ఎప్పుడూ సంతకాలు చాలలేదు. ఆమెకి డెబ్భై ఎనిమిదేళ్ళు. మరో నాలుగేళ్ళు ఆగమని చెప్పే ధైర్యం వెండెల్‌కి లేదు.

పేరు అచ్చవ్వాలంటే ఓటర్ల సంతకాలు వెయ్యి కావాలి, వెయ్యి మూడున్నాయి. గడువు సాయంత్రం ఐదు.

పాన్‌కేకు నోట్లో పెట్టుకోబోతూ అతను ఆగిపోయాడు. కాగితాల్లో నాలుగు పేర్లు ఒకే చేతిరాతలో ఉన్నాయి.

"బర్లీ ముసలాయన ఇంటిల్లిపాదికీ తనే పెట్టేశాడు," అన్నాడు నీరసంగా.

"మంచి మనిషి, ఎవర్నీ శ్రమపెట్టడు," అంది భార్య లొరేన్. "మూడు పోతే సరిగ్గా వెయ్యేగా. తిను."

సరిగ్గా వెయ్యి అన్న మాటకే వెండెల్‌కి చెమట పట్టింది. నాలుగు అదనంగా ఉంటే మంచిదని ఊరి చెత్తయార్డుకి పరిగెత్తాడు. బుధ, శనివారాల్లో ఊరంతా తమ చెత్త తామే తెచ్చి పడేసే చోటది. ఓటర్లు దొరకాలంటే అక్కడే దొరకాలి. కానీ వచ్చినవాళ్ళంతా ఎప్పుడో ఎవరో ఒకరికి పెట్టేసినవాళ్ళే.

"ఒకరు ఒక్క అభ్యర్థికే పెట్టాలని ఆర్నెల్లుగా ఊదరగొట్టింది నువ్వేగా," అందొకావిడ, సీసాలు డబ్బాలో వేస్తూ.

నాలుగింటిదాకా నిలబడ్డా ఒక్కటీ దొరకలేదు. వెళ్ళబోతుంటే గోర్డన్ స్టాక్‌పోల్ ఎదురొచ్చాడు. ఆయనా అదే పదవికి స్వతంత్ర అభ్యర్థే, ఆయన చంకలోనూ సంతకాల కాగితాలే.

"నా బండి కదలట్లేదు వెండెల్. ఆఫీసుదాకా దింపుతావా?"

దారిలో చిక్కుకున్న మనిషిని వదిలేసి పోతే ఆ ఊళ్ళో శీతాకాలం మంచులో బండి దిగబడినప్పుడు తాడేసి లాగేవాడుండడు. వెండెల్ తలుపు తీశాడు. దారిపొడవునా ముందు గడ్డిమోపుల ట్రాక్టరు. గడియారం చూసుకుంటూ వెండెల్ దాని వెనకే నడిపాడు.

నాలుగూ యాభైకి చేరారు. అలవాటుకొద్దీ వెండెల్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. "ముందు మీరు," అన్నాడు.

స్టాక్‌పోల్ కాగితాలు చకచకా స్కానరులో ఎక్కి, ముద్రలు వేయించుకుని లోపలికి పోయాయి. తర్వాత వెండెల్‌వి. గుమాస్తా మొదటి పేరు కంప్యూటర్లో కొట్టి, కళ్ళజోడు సర్దుకుంది.

"ఇది చెల్లదండీ. ఈమె స్టాక్‌పోల్ గారికీ పెట్టారు. ఎవరివి ముందొస్తే వాళ్ళకే లెక్క."

"ఎవరామె?"

"ఏవిస్ పెల్కీ."

వెండెల్ ఆ కాగితం తన వైపు తిప్పుకుని చూశాడు. ఊరందరికీ చెప్పిన నియమం ఒక్క అక్కకే చెప్పలేదు. తాళం వేసితివి, గొళ్ళెం మరచితివి.

"నేను ముందిచ్చి ఉంటే?"

"ఆయన కాగితంలోది కొట్టేసేదాన్ని."

తొమ్మిది వందల తొంభై తొమ్మిది. ఐదుకి ఆరు నిమిషాలు. వెండెల్ స్టాక్‌పోల్ వైపు చూశాడు.

"సంతోషంగా పెట్టేవాణ్ణి," అన్నాడాయన నిజంగానే బాధపడుతూ. "కానీ నాది నాకే పెట్టుకున్నాను."

వెండెల్ ఇంటికొచ్చాక, వాళ్ళతోనే ఉండే ఏవిస్ సంతకం సంగతి విని కళ్ళు తుడుచుకుంది.

"ఎందుకు పెట్టావక్కా?"

"మర్యాదగా అడిగాడ్రా. కాదనడానికి నోరు రాలేదు. అయినా ఆయన అంత దూరం ఎలా వెళ్ళాడు, బండి చెడిందన్నారే?"

వెండెల్ ఉప్పు డబ్బా అందుకున్నాడు. లొరేన్ ఏదో చెప్పబోయి, బంగాళదుంపలు వడ్డించింది.

నవంబరులో ఓటు కాగితం మీద స్టాక్‌పోల్ పేరు అచ్చయింది. ఆ ఊళ్ళో ఆయనకి రెండు ఓట్లు పడ్డాయి. ఒకటి ఆయనది. రెండోది ఎవరిదని వెండెల్ ఇంట్లో అడగలేదు.