మూడు తాళాల వంటిల్లు

ఆ ఉదయం తాళాల మేస్త్రి పెట్టుకున్న పని ఒక్కటే. బజారుకెళ్లిన భార్య తిరిగొచ్చేలోగా, పెరట్లో పోయిన ఆవిడ చెవిదిద్దు వెతికి పట్టుకోవాలి. అది ఆవిడ తల్లి పెట్టుకున్న దిద్దు. శీల వదులైందని నిన్న ఆవిడ అంటే, "దీనికి కంసాలెందుకే, నేను లేనూ?" అని తీసుకున్నాడు. బిగించి, తువ్వాలు కొసన ముడేసుకున్నాడు. పొద్దున్నే ఆ సంగతి మరిచిపోయి తువ్వాలు పెరట్లో దులిపాడు. మర్నాడు ఇంటిల్లిపాదీ స్టూడియోలో ఫొటో దిగాలి. ఆవిడ ఒంటి దిద్దుతో ఫొటో దిగితే, అది గోడమీద ఉన్నన్నాళ్లూ మేస్త్రికి అన్నం సయించదు.

అందుకని బావమరిదిని పిలిచాడు. బావమరిది ఒక పెద్ద దుకాణం గుమ్మం దగ్గర కాపలా. వచ్చేపోయేవాళ్ల ఒంటిమీద ఆడించే మెటల్ డిటెక్టరు ఒకటి అడిగి పట్టుకొచ్చాడు.

"అక్కకి తెలీదుగా, బావా?"

"తెలిస్తే నిన్నెందుకు పిలుస్తానురా? కానియ్."

"ముందు కాసిని మంచినీళ్లు..."

"మీ అక్క రానీ."

వంటింటి తలుపుకు మూడు తాళాలున్నాయి మరి. పెళ్లైన కొత్తలో, మేస్త్రి తల్లి కోడలికిచ్చిన ఇత్తడి పాలగిన్నె ఆ వంటింట్లోంచి దొంగలపాలైంది. ఆ వారం ఇంట్లో ఉన్న పైమనిషి బావమరిది ఒక్కడే. మేస్త్రి పల్లెత్తు మాట అనలేదు. తలుపుకు మూడు తాళాలు బిగించి, తాళంచెవులు భార్యకిచ్చాడంతే. ముప్పై నాలుగేళ్లుగా ఆ ఇంట్లో బావమరిది దాహం అక్క వచ్చాకే తీరుతోంది.

గులాబీ మడి దగ్గర డిటెక్టరు కుయ్యిమంది. మేస్త్రి మోకాళ్లమీద కూలబడి తవ్వాడు. తాళంచెవి. జానెడు అవతల మళ్లీ కుయ్యిమంది. ఇంకో తాళంచెవి. అరగంట గడిచేసరికి గంపెడు తేలాయి గానీ దిద్దు జాడ లేదు.

"బావా, ఇదేంటి? తాళంచెవుల పంటేసినట్టుంది."

మేస్త్రి దగ్గాడు. తాను కోసిన తాళంచెవి తిరక్కపోవడమంటూ ఉండదని కొట్టుమీద బోర్డు రాయించుకున్న మనిషి ఆయన. తప్పుగా కోసిన ప్రతిదాన్నీ సంచిలో వేసుకొచ్చి, ఎవరూ చూడకుండా ఆ మడిలోనే పాతిపెడుతూ వచ్చాడు.

గోడమీదుగా పక్కింటి టీచరమ్మ తల కనిపించింది. "ఏం తవ్వుతున్నారు మేస్త్రిగారూ?"

దిద్దు అంటే అది భార్య చెవిన పడుతుంది. తాళంచెవులంటే పరువు పోతుంది. బావమరిది సాయానికొచ్చాడు. "తాళంచెవులండీ. బాగా పాతవి."

"పాతవంటే, ఎప్పటివి?"

"తుప్పు చూస్తుంటే చాలా కాలం నాటివేనండీ."

టీచరమ్మ కళ్లజోడు సర్దుకుంది. "ఇన్ని తాళంచెవులు పాతారంటే పెట్టెలు ఎన్ని పాతారో." ఆ మాట వీధి చివరిదాకా పోవడానికి పావుగంట పట్టలేదు. ఆవిడ భర్త గునపంతో వచ్చాడు. ఇస్త్రీ అతను బండి అక్కడే వదిలేసి పార పట్టుకొచ్చాడు. గోడకు మూరెడు దూరంలో దొరికింది సగం మాదేనని టీచరమ్మ ముందే చెప్పింది. గులాబీ మొక్కలు వేళ్లతో సహా అరుగెక్కాయి.

అప్పుడు డిటెక్టరు ఆగకుండా కూసింది. రేకు పెట్టె బయటపడింది. దానికి తాళం.

"పగలగొట్టండి," అన్నాడు ఇస్త్రీ అతను.

మేస్త్రికి రోషం వచ్చింది. "తాళం పగలగొట్టడమా? నా ఇంట్లోనా?" ఆ తాళంలో ఇంత నూనె పోసి, గంపలోని తాళంచెవులు ఒక్కొక్కటే తిప్పిచూడసాగాడు.

ముప్పైయో నలభైయో అయ్యుంటాయి, భార్య సంచితో వచ్చి నిలబడింది. రెండు చెవులకీ రెండు దిద్దులు.

"నీ దిద్దు..." అన్నాడు మేస్త్రి.

"మీ తువ్వాల్లోంచి నడవలో జారిపడింది. మీరు దులిపింది ఉత్త తువ్వాలే. శీల వంకరగా బిగించారు, కంసాలి దగ్గర సరిచేయించుకొస్తున్నా. అయ్యో, నా గులాబీలు..." అంటూ పెట్టెను చూసింది. ఆవిడ ముఖంలో రంగు మారింది. "ఏవండీ, దాన్ని ఉన్నచోటే పూడ్చేయండి. నా మాట వినండి."

సరిగ్గా అప్పుడే మేస్త్రి చేతిలోని తాళంచెవి తిరిగింది.

పెట్టెలో ఇత్తడి గిన్నె. అడుగు నల్లగా మాడి, నడిమధ్య బొక్క. అందరికంటే ముందు గుర్తుపట్టింది బావమరిది. "ఇది మీ అత్తగారిచ్చిన పాలగిన్నె కదక్కా?"

"కొత్త కోడల్ని," అంది ఆవిడ, నేల చూస్తూ. "పాలు పొయ్యిమీద పెట్టి, ఈ టీచరమ్మతో గోడ దగ్గర మాటల్లో పడ్డాను. అత్తయ్య ఏమంటారోనని దొంగలన్నాను."

"నన్నెందుకమ్మా లాగుతావ్?" అంటూ టీచరమ్మ గోడ దిగిపోయింది. ఇస్త్రీ అతనికి బండి గుర్తొచ్చింది.

బావమరిది వంటింటి తలుపుకేసి చూశాడు. తాళాలు మూడూ ఒక్కొక్కటే చూశాడు. "అందుకా బావా?" అన్నాడు మెల్లగా.

మేస్త్రి తల దించుకున్నాడు. భార్య గంపలోంచి ఓ తాళంచెవి తీసి ఆయన ముందు పెట్టింది. "మరి ఇవెవరు పాతారండీ?"

"గులాబీలకి ఇనుము మంచిదని..."

ముందు బావమరిది నవ్వాడు. తరవాత ఆవిడ నవ్వింది. మేస్త్రి లేచి, బావమరిది భుజంమీది మట్టి దులిపాడు. "ఇకమీదట మా ఇంట్లో మంచినీళ్లు నువ్వే పట్టుకు తాగరా," అన్నాడు.

ఆ సాయంత్రమే కొట్టుకెళ్లి బావమరిది కోసం వంటింటి తాళంచెవులు మూడూ కొత్తగా తన చేత్తో కోసిచ్చాడు.

రెండు తిరిగాయి.