ఇరవై రెండో నిమిషం కేక

ఉదయం తొమ్మిదింటికల్లా దర్శకుడు తన సైన్యాన్ని ప్రివ్యూ హాలు వరండాలో నిలబెట్టాడు. సైన్యమంటే అత్తగారు, బావమరిది. పదిన్నరకి తన దెయ్యం సినిమా 'మెట్ల కింద గది' పదకొండో భాగాన్ని, కొనడానికొచ్చే బయ్యర్‌కి చూపించాలి. పదో భాగం చూసి జనం భయపడలేదు సరికదా, హాల్లో హాయిగా కునుకు తీశారు. ఇదీ పోతే మామగారి ఇనుప సామాన్ల కొట్లో మేకులు తూచే ఉద్యోగం సిద్ధంగా ఉంది.

"దెయ్యం సరిగ్గా ఇరవై రెండో నిమిషానికి వస్తుంది. తెర చూడొద్దు, వాచీ చూడండి. టైమ్ అవగానే గట్టిగా కేక పెట్టాలి."

"తెర చూస్తే ఏం, అల్లుడుగారూ?"

"నవ్వొస్తుంది, అత్తయ్యగారూ."

అందులో అబద్ధం లేదు. దెయ్యం వేషం వేసే అమ్మాయి ఆరో భాగంతోనే దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది. అప్పట్నుంచీ చీర కట్టి, విగ్గు పెట్టి ఆ వేషం వేస్తున్నది దర్శకుడే.

పథకం బాగానే ఉంది. కానీ మొదట్లో మరీ సాగుతోందని ఎడిటర్ ఆ పొద్దున్నే నాలుగు నిమిషాలు కత్తిరించాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

దాంతో దెయ్యం పద్దెనిమిదో నిమిషానికే వచ్చేసింది. హాల్లో చడీ చప్పుడూ లేదు. బయ్యర్ ఆవులించాడు. దర్శకుడు వెనక్కి తిరిగి కళ్ళెర్రజేశాడు. తొందరపడొద్దంటున్నాడనుకుని అత్తగారు బుద్ధిగా తలూపింది.

ఇరవై రెండో నిమిషంలో తెర మీద హీరోయిన్ తువ్వాళ్ళు మడతపెడుతోంది. అత్తగారు కెవ్వున అరిచింది. బావమరిది ఇంకో అడుగు ముందుకేసి కుర్చీలోంచి కింద పడ్డాడు. ఆపరేటర్ హడలిపోయి సినిమా ఆపి, లైట్లు వేశాడు.

"ఏమైందమ్మా?" అన్నాడు బయ్యర్.

తెర మీద ఏముందో అత్తగారికేం తెలుసు? "మీకు కనపడలేదా బాబూ?" అంది.

"ఏది?"

"అయ్యో, కనపడలేదుటరా!" అంది కొడుకు వంక తిరిగి.

"అందరికీ కనపడదులే అమ్మా," అన్నాడు బావమరిది, నేల మీంచే.

బయ్యర్ మొహంలో రంగు మారింది. "మళ్ళీ వెయ్యండి," అన్నాడు. వేశారు. ఇంకోసారి వేయించాడు. మూడోసారి కుర్చీ అంచుకి జరిగి, "అదిగో! కర్టెన్ వెనకాల కదిలింది!" అని కేక పెట్టాడు.

అది లైట్‌మ్యాన్ మోచెయ్యి. చెప్పబోయిన దర్శకుడి కాలు పక్కనే కూర్చున్న ఎడిటర్ గట్టిగా తొక్కాడు.

"వెన్ను చల్లబడిపోయిందయ్యా! పదకొండు భాగాల్లో ఇదే అసలైన భయం. తీసుకుంటున్నాను," అన్నాడు బయ్యర్ చెమట తుడుచుకుంటూ.

దర్శకుడి కళ్ళు చెమ్మగిల్లాయి. మేకుల బాధ తప్పింది.

"ఒక్కటి మాత్రం చెయ్యి," అన్నాడు బయ్యర్ గుమ్మం దగ్గర ఆగి. "చీర కట్టుకుని ఊగుతూ ఒకావిడ వస్తుంది చూడు, ఆవిణ్ణి తీసెయ్. ఆమెను చూస్తే ఉన్న భయం కాస్తా పోతోంది."

సినిమా అమ్ముడుపోయింది. దెయ్యం మిగిలిపోయింది.