మా కారు ఇంటిపట్టునే ఉంటుంది

ఎలక్ట్రిక్ కారు కొన్నవాడు బస్సులోనే తిరగాలి. సుఖమంతా అందులోనే ఉంది! నవ్వకండి, అనుభవం మీద చెబుతున్నాను.

కరెంటు కంపెనీవారు ఈమధ్య గడియారం చూసి రేటు వేస్తున్నారు. ఎండ బాగా కాసే పదకొండు నుంచి నాలుగు దాకా చవక. ఊరంతా ఇళ్లకు చేరి ఏసీలు వేసుకునే సాయంత్రం మాత్రం చుక్కలు కనిపిస్తాయి. మరి ఆ చవక వేళలో నా కారు ఎక్కడుండాలి? ఇంట్లో, ప్లగ్గు దగ్గర. నేనెక్కడుండాలి? ఆఫీసులో. ఇంకేం, కారు ఇంట్లో, నేను బస్సులో!

పార్కింగ్ గొడవ లేదు, గీతలు పడతాయన్న బెంగ లేదు. ఎనిమిది నెలల్లో కారు నలభై కిలోమీటర్లు తిరిగింది, షోరూమ్ నుంచి ఇంటికి వచ్చిన దూరంతో కలిపి. కండక్టర్ నన్ను "కారు సార్" అంటాడు. ఇంత గౌరవం నాకు ఇంకెక్కడా దక్కలేదు.

పైగా సాయంత్రాలు మన కారులోని కరెంటును కంపెనీయే డబ్బిచ్చి తిరిగి తీసుకునే స్కీమ్ వచ్చింది. వదులుతానా? "మీకోసం ఎంత ఉంచమంటారు?" అని యాప్ అడిగింది. ఎక్కే అలవాటు లేదుగా, సున్నా నొక్కాను.

"కారు కొన్నారా, గేదెను కొన్నారా? పగలు మేపడం, సాయంత్రం పితకడం!" అంది మా ఆవిడ. గ్రిడ్ కష్టాలు ఆవిడకేం తెలుసు!

నిన్న మా అత్తగారి కంటి ఆపరేషన్ కట్టు విప్పే రోజు. సాయంత్రం ఏడింటికల్లా రావాలి, ఆలస్యమైతే మళ్లీ వచ్చే వారమే అన్నాడు డాక్టర్. పాపం, పది రోజులుగా ఆ గంట కోసమే కాచుకుని ఉందావిడ. ఆరున్నరకి దర్జాగా డోర్ తీసి కూర్చోబెట్టాను. స్టార్ట్ బటన్ నొక్కితే తెర మీద రెండు శాతం. సున్నా అన్నా, మర్యాదకి ఆ రెండూ ఉంచారు. కారు మాత్రం ఉన్నచోటు నుంచి కదల్లేదు.

ఆవిడకి ఒక కంటికి కట్టు, రెండో కంటికి మసక. "ఎంత మెత్తగా పోతోంది బాబూ, కుదుపే తెలియడం లేదు!" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. చెయ్యి పట్టుకుని దింపి, మెల్లగా బస్‌స్టాప్ దాకా నడిపించాను. అక్కడికి చేరేసరికి ఫోన్ మోగింది. కంపెనీవారి మెసేజ్. "ధన్యవాదాలు! ఈ సాయంత్రం మీ వీధి దీపాలు మీ కారు కరెంటుతోనే వెలుగుతున్నాయి."

మా అత్తగారు తలెత్తి, "లైటు భలేగా వేశారు బాబూ, ఏ పుణ్యాత్ముడో! ఇంతకీ బస్సొస్తోందా?" అంది.

ఆ పుణ్యాత్ముణ్ణి నేనే మరి! వెలుతురు బాగానే ఉంది కదా అని వాచీ చూశాను. ఏడూ పది.