గాడిదపిల్ల చెప్పిన లెక్క

పడమటి కర్నూలు పిల్లలను లెక్కల్లో ప్రపంచానికే దారి చూపేవారిగా తీర్చిదిద్దే కార్టూను తొలి భాగం సిద్ధమైందని బాలగణిత వికాస సంఘంవారు సగర్వంగా ప్రకటించారు. నిడివి పదకొండు నిమిషాలు. అందులో ఏడు నిమిషాలు సంఘ సభ్యుల ఫొటోలు, పదవులు, సందేశాలు. మిగిలిన నాలుగు నిమిషాల్లో లెక్కలు కూడా ఉన్నాయి.

ఆ నాలుగు నిమిషాలను గీసింది ఆదోనిలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పే నాజ్నీన్. వేసవి సెలవులంతా కంప్యూటరు ముందే కూర్చుని, మెడ పట్టేస్తే మందు రాసుకుని, ఒక గాడిదపిల్లకు నడక, మాట నేర్పింది. ఆ తాపత్రయానికి కారణం ఉంది. ఆమె నాన్న పీరా సాబ్ పెద్దకడుబూరు దగ్గర వేరుశనగ పండిస్తాడు. ఏటా బస్తాలు మార్కెట్టుకు తోలుకుపోతాడు. కాటా దగ్గర బస్తాకు రెండు కిలోలు తరుగు కింద కొట్టేస్తే తలూపి ఇంటికొస్తాడు. ఎందుకు కొట్టేశారని అడిగిన మనిషి ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇంతవరకు పుట్టలేదు. నాన్నలు ఎటూ అడగరు, పక్కన నిలబడ్డ పిల్లలైనా అడగాలని నాజ్నీన్ ఆశ. అందుకే కార్టూను చివర్న గాడిదపిల్ల ఒక ప్రశ్న వేస్తుంది. పది బస్తాల వేరుశనగ, బస్తాకు నలభై కిలోలు, మొత్తం ఎంత? నాలుగు వందల కిలోలని తెర నిండా పడుతుంది. నాజ్నీన్‌కు కావలసింది ఆ ఒక్క అంకె.

నలభై బడుల్లో సంఘం టీవీలు పెట్టించింది. సంఘం ఆమోదించనిదే వాటిలో చీమ కూడా కదలదు. అధ్యక్షులు లక్ష్మీనారాయణ గారు వేరుశనగ కమీషను వ్యాపారంలో ఆరితేరినవారు. కార్యదర్శి జయరాం గారు లెక్కల పరీక్ష మూడుసార్లు తప్పినా నిరాశ చెందక విద్యాసేవలోకి వచ్చినవారు. ఇలాంటి పెద్దలు ఏడుగురు నాలుగు సమావేశాల్లో ఆ నాలుగు నిమిషాలను పరిశీలించారు.

మొదటి సమావేశంలో గాడిద మీద అభ్యంతరం వచ్చింది. పిల్లలను గాడిదలనడానికి బడిలో ఉపాధ్యాయులు ఉండగా మళ్లీ టీవీ ఎందుకని జయరాం గారు ప్రశ్నించారు. గుర్రం కావాలన్నారు. కొత్తగా గుర్రాన్ని గీసే వ్యవధి లేనందున గాడిద చెవులు కత్తిరించి, ఇకమీదట దీన్ని గుర్రంగా భావించాలని తీర్మానించారు.

రెండో సమావేశంలో సున్నా దగ్గర ఆగిపోయారు. శుభమా అని తొలి భాగం మొదలుపెడుతూ సున్నా చూపిస్తారా అని ఒక సభ్యుడు కన్నీటిపర్యంతమయ్యాడు. సున్నా తొలగించారు. మరి పది ఎలా రాయాలని నాజ్నీన్ అడిగింది. పక్కన పెద్ద అంకె తోడున్నప్పుడు సున్నా వచ్చినా దోషం లేదని సవరణ చేశారు.

మూడో సమావేశం మరింత ఫలవంతంగా సాగింది. భాగహారం చూస్తే అన్నదమ్ములు చిన్నప్పుడే ఆస్తులు పంచుకోవడం నేర్చుకుంటారని దాన్ని ఎత్తేశారు. పిల్లల మనసుల్లో పోగొట్టుకునే ఆలోచన నాటకూడదని తీసివేతను పూర్తిగా నిషేధించారు. నాజ్నీన్ అన్నిటికీ సరేనంది. చివరి ప్రశ్న జోలికి రాకుంటే చాలనుకుంది.

నాలుగో సమావేశంలో అధ్యక్షులు చివరిదాకా చూశారు.

"అంతా బాగుండాది నాజ్నీనమ్మా. కడాన లెక్క తప్పు పోయింది సూడు."

"యాడ సార్? పది నలభైలు నాలుగొందలే కదా?"

"అది పుస్తకంలో. కాటా కాడ మున్నూటెనభై. గోనెసంచికి ఒక కిలో, మన్నుకు ఒక కిలో. రైతుబిడ్డవి, నీకు తెలీదా?"

"తీసివేత వద్దని మీరే తీర్మానం చేసినారు కదా సార్!"

లక్ష్మీనారాయణ గారు వాత్సల్యంతో నవ్వారు.

"తరుగు తీసివేత కాదమ్మా. ఆనవాయితీ."

సభ్యులు బల్లలు చరిచారు. జయరాం గారు ఆ మాటను మినిట్సు పుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకున్నారు. నాజ్నీన్‌కు ఒళ్లు మండిపోయింది. కాదంటే కార్టూనే ఉండదు, నలభై బడుల పిల్లలకు ఎక్కం కూడా దక్కదు. పళ్లు బిగబట్టి నాలుగు వందలు చెరిపి మూడు వందల ఎనభై వేసింది.

తొలి ప్రదర్శన ఎమ్మిగనూరులో ఒక కల్యాణమండపంలో జరిగింది. రెండు వందల మంది పిల్లలు, వెనక వరసల్లో పెద్దవాళ్లు. అధ్యక్షులు ముప్పావుగంట మాట్లాడారు.

"ఈ దేశానికి సున్నా ఇచ్చింది మనమే. ఇంకా ఎంతో ఇచ్చేదానికి సిద్ధంగా ఉండాము. కార్టూను సూడకముందే మన బిడ్డల తెలివి ఎంతుందో సూస్తాము. పది బస్తాల వేరుశనగ బుడ్డలు, బస్తాకు నలభై కిలోలు. మొత్తం ఎంతప్పా?"

"మున్నూటెనభై!"

మండపం దద్దరిల్లింది. ఇంకా తెర మీద బొమ్మే పడలేదు. ఆలూరు పిల్లలు, హొళగుంద పిల్లలు ఒకే గొంతుతో అరిచారు.

మూడో వరసలో ఒక పిల్ల లేచి నిలబడింది. పేరు రజిని, ఊళ్లోని మగ్గం పనివాళ్ల బిడ్డ. వాళ్లింట్లో నూలు తప్ప బుడ్డలు లేవు.

"నాలుగొందలు సార్."

అందరూ పగలబడి నవ్వారు. అన్నిటికంటే పెద్ద నవ్వు వెనక నుంచి వచ్చింది. నాజ్నీన్ తిరిగి చూస్తే ఆమె నాన్న పీరా సాబ్.

"పాపం, మగ్గమోళ్ల పిల్ల. కాటా మొగమే సూసినట్టు లేదు" అంటున్నాడు పక్కాయనతో.

రజిని కూర్చోలేదు. "పదిసార్లు నలభై ఏసి సూడండి సార్" అంది.

నాజ్నీన్ ఆపుకోలేక చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు అధ్యక్షులకేననుకుని మండపమంతా అందుకుంది.

ప్రదర్శన అపూర్వ విజయమని సంఘం నివేదిక ప్రకటించింది. రెండు వందల మందిలో నూట తొంభైతొమ్మిది మంది కార్టూను చూడకుండానే సరైన జవాబు చెప్పడం కార్టూను గొప్పతనానికి నిదర్శనమని పేర్కొంది. వెనకబడిన ఆ ఒక్క బాలికకు సరైన జవాబు వచ్చేవరకు ప్రతి ఆదివారం ప్రత్యేక తరగతి చెప్పే బాధ్యతను నాజ్నీన్‌కు అప్పగించింది.

నాజ్నీన్ ఒక్క ఆదివారం కూడా మానకుండా బస్సెక్కి ఎమ్మిగనూరు పోతోంది. వారం వారం సంఘానికి నివేదిక పంపుతోంది. బాలికలో ఎలాంటి పురోగతీ లేదని గుండ్రటి అక్షరాలతో రాస్తోంది. ఆ పిల్ల ఇప్పుడు బెల్లం కొట్లో కూడా కాటా తనవైపు తిప్పి చూపించమంటోందని వినికిడి. సంఘంవారి ఆందోళన సంఘంవారికి ఉంది. మీరు కూడా కాటా పెట్టుకున్నవారైతే కాస్త జాగ్రత్తగా ఉండండి, మీ కొట్టు ఎమ్మిగనూరుకు ఎంతో దూరం లేదు.