నీళ్లు పోయని కుండీ

ఇకమీదట హైస్కూలు పిల్లలందరూ బడి వదిలాక గంటసేపు శాస్త్రవేత్తలుగా ఉండాలని విద్యామంత్రిగారు ప్రకటించారు. ఆ గంట తర్వాత ఏమైపోవాలో చెప్పలేదు. అంతటి సూక్ష్మవిషయాలను అధికారులకు వదిలిపెట్టడం ఆయన పాలనాదక్షతకు నిదర్శనం.

ఏ బడిలో ఏ సైన్సు కార్యక్రమం నడపాలో తేల్చే బరువు ఒక ఎంపిక అధికారి మీద పడింది. ఎవరేమడిగినా "పరిశీలిద్దాం" అనడం చేత ఉపాధ్యాయులు ఆయనను చాటుగా పరిశీలిద్దాంగారు అని పిలుచుకునేవారు. ఆయన పరిశీలనకు వెళ్లిన కాగితం తిరిగి రావడం ఇంతవరకు ఎవరి పరిశీలనకూ రాలేదు.

మంత్రిగారి ప్రకటనలో చివరి వాక్యం ఒక సైన్సు టీచరును ఆకట్టుకుంది. ఎంపికైన కార్యక్రమం విజయవంతమైతే ఆ ప్రయోగశాలకు కావలసిన సదుపాయం వెంటనే కల్పిస్తారట. ఆమె ప్రయోగశాలలో సింకు ఉంది. సింకు మీద కుళాయి ఉంది. కుళాయి వెనక గోడలోకి గొట్టం కూడా ఉంది. నీళ్లు మాత్రం లేవు. వీధిలోని పైపుతో కలపమని పెట్టుకున్న అర్జీ పరిశీలనలో ఉంది. అందాకా పిల్లలు తాగే నీళ్లు సీసాల్లో తెచ్చుకునేవారు. గాజు నాళికలు కడగడానికి ఆమె రెండు డబ్బాల నీళ్లు ఇంటి నుంచి స్కూటరు మీద తెచ్చేది.

"అందరూ ఆఫీసు నుంచి ఇంటికేదైనా పట్టుకొస్తారు. నువ్వు ఇంట్లోది ఆఫీసుకు మోస్తున్నావు," అనేవాడు ఆమె భర్త, డబ్బాలు స్కూటరుకు కడుతూ.

"కుళాయి వచ్చేదాకానేలెండి."

"పెళ్లయిన కొత్తలోనూ ఇదే అన్నావు."

ఎంపిక రోజున ఆమె నాలుగు ప్రతిపాదనలతో అధికారి ముందు కూర్చుంది. మొదటిది నక్షత్ర వీక్షణం.

"ఎప్పుడు చూస్తారు?"

"రాత్రిపూటండి."

"మంత్రిగారి ప్రారంభోత్సవాలు పగలు పదకొండింటికి. నక్షత్రాలను ఆ వేళకు సర్దుబాటు చేయగలరా?"

చేయలేనని ఆమె నిజాయితీగా ఒప్పుకుంది.

"పోనీ, కుంటనీటిలోని ప్రాణులను మైక్రోస్కోపులో చూపిస్తామండి."

"అందులో కన్నుపెట్టేది ఒక్కరే కదమ్మా. ఫోటోలో మంత్రిగారి మాడు తప్ప ఏమీ రాదు."

"రోబో తయారీ?"

అధికారి ముఖం వాడిపోయింది. "ఆ మాటెత్తకండి. పోయిన నెల ఇంకో బళ్లో ఒక రోబో మంత్రిగారి దాకా వచ్చి, గిరుక్కున తిరిగి గోడవైపు వెళ్లిపోయింది. దాన్ని సస్పెండు చేసే రూలు లేక హెడ్మాస్టరును చేశాం."

మిగిలింది చిక్కుడు మొక్క. "రెండు కుండీలండి. ఒకే మట్టి, ఒకే ఎండ. ఒకదానికి నీళ్లు పోస్తాం, ఒకదానికి పోయం. మూడు వారాలయ్యాక పిల్లలే కొలిచి, మొక్కకు నీళ్లు ఎంత అవసరమో తేల్చుకుంటారు."

"నీళ్లు మంత్రిగారు పోయొచ్చా?"

"పోయొచ్చండి."

పరిశీలిద్దాంగారు తన ఉద్యోగజీవితంలో మొట్టమొదటిసారి పరిశీలించకుండా సంతకం పెట్టారు.

ప్రారంభోత్సవానికి ముందురోజు ఏర్పాట్లు చూడవచ్చిన ఆయన రెండో కుండీ దగ్గర ఆగిపోయారు. దానిమీద పిల్లలు ఒక అట్టముక్క అతికించి, "నీళ్లు పోయని కుండీ" అని గుండ్రంగా రాశారు.

"దీనికెందుకు పోయరు?"

"పోల్చి చూడడానికండి. ఇది లేకపోతే మొదటిది ఎందుకు పెరిగిందో చెప్పలేం."

"నీళ్లు పోస్తే పెరుగుతుందని ఎవరికి తెలియదమ్మా?"

"తెలుసనుకోవడం వేరు, చూసి తెలుసుకోవడం వేరండి. పిల్లలు నేర్చుకోవలసింది ఆ తేడానే."

"బాగుంది. మంత్రిగారి చేతిలో నీళ్ల జగ్గు, పక్కనే ఎండిపోతున్న మొక్క. ఈ ఫోటో ప్రతిపక్షం చేతిలో పడితే?"

ప్రతిపక్షాన్ని లెక్కలోకి తీసుకుని ప్రయోగాన్ని ఎలా రూపొందించాలో టీచరు చదువుకున్న పుస్తకాలలో లేదు. చివరికి రెండో కుండీని మొదటిదాని వెనక్కి జరిపేటట్టు రాజీ కుదిరింది.

మరునాడు మంత్రిగారు వచ్చి మొదటి కుండీకి నీళ్లు పోశారు. కెమెరాలు మెరిశాయి. అంతటితో వెళ్లిపోతే ఆయన మామూలు మంత్రి అయ్యేవారు. మెడ సాచి వెనకనున్న కుండీని చూశారు, అట్ట చదివారు.

"ఇదేం పాపం చేసింది?"

"అది ప్రయోగంలో భాగమండి," అంది టీచరు.

"అమ్మా, మీది పెద్ద చదువు. నాది పెద్ద మనసు. నా హయాంలో నీళ్లందని కుండీ ఉండడానికి వీల్లేదు." జగ్గులో మిగిలినదంతా దానికి పోసి, రోజూ పోయవలసిందిగా ఆదేశించారు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. హెడ్మాస్టరుగారి చూపు సోకి టీచరు చేతులు కూడా రెండుసార్లు కలుసుకున్నాయి.

తెల్లవారి పత్రికలన్నింటిలోనూ అదే ఫోటో. టీచరు అట్ట పీకబోతే హెడ్మాస్టరుగారు చెయ్యి పట్టుకున్నంత పనిచేశారు.

"ఫోటోలో ఉన్న అట్టమ్మా. అది తీసేస్తే మంత్రిగారు ఇంకేదో కుండీకి పోసినట్టవుతుంది."

"పోస్తున్నాం కదండీ, పోయనిదని రాసి ఉంచడం అబద్ధం కాదా?"

"అబద్ధమో నిజమో మనం రాసింది కాదు, పిల్లలు రాశారు. పిల్లలు అమాయకులు."

ఇక మంత్రిగారి అనుచరులు బారులు తీరారు. అందరూ రెండో కుండీకే పోసి ఫోటో దిగేవారు. జగ్గు వారిది, నీళ్లు టీచరువి. ఒకాయన ఎరువు కూడా వేసి వెళ్లాడు. మొదటి కుండీని పట్టించుకునే నాథుడు లేక, దానికి పిల్లలు కొలత ప్రకారం పోసేవారు. నిజమైన ప్రయోగం ఒకటైనా మిగలాలని టీచరు బీరువా చాటున మూడో కుండీని నీళ్లు పోయకుండా పెట్టింది. రెండు రోజులకే దాని మట్టి తడిసి ఉంది.

"నేనే పోశాను తల్లీ," అన్నారు హెడ్మాస్టరుగారు. "ఎవరి కంటైనా పడితే? నాకింకా సర్వీసుంది."

ఇంటి దగ్గర భర్త డబ్బాలు కడుతూ లెక్కపెట్టాడు. "ఇవాళ నాలుగేమిటి?"

"రెండు ఎప్పటివే. ఈ రెండూ నీళ్లు పోయని కుండీకి."

ఆయన తాడు ఇంకో చుట్టు చుట్టి బిగించాడు.

గడువు కాగానే పరిశీలిద్దాంగారు టేపుతో వచ్చారు. పిల్లలు చుట్టూ మూగారు.

"అద్భుతం. నీళ్లు పోసినది జానెడు, పోయనిది మూరెడు."

"పోయనిదానికే ఎక్కువ పోశామండి. ఎరువు కూడా పడింది."

"అట్టమీద అలా లేదే."

"మంత్రిగారు మీ ఎదురుగానే పోశారు కదండీ."

"మొదటిదానికి నీళ్లు పోశారు. రెండోదాన్ని కరుణించారు. ప్రెస్ నోటులో స్పష్టంగా ఉంది."

"ఇది ఫలితం కాదండి, పొరపాటు."

అధికారి గొంతు తగ్గించారు. "విజయవంతమైతేనే సదుపాయం. మీ కుళాయి ఫైలు నా బల్లమీదే ఉందమ్మా. విజయమని రాయమంటారా, పొరపాటని రాయమంటారా?"

టీచరు సింకు వైపు చూసింది. కుళాయి మూతికి తుప్పు పట్టింది. పిల్లలు ఆమె వైపే చూస్తున్నారు.

"పొరపాటనే రాయండి."

"పరిశీలిద్దాం," అన్నారాయన.

తరువాతి వారం రెంచీ చేతపట్టుకుని ఒక ప్లంబరు వచ్చి, ల్యాబు కుళాయి ఎక్కడని అడిగాడు. టీచరు గబగబా సింకు చూపించింది. నిజం చెప్పినా పని జరిగిందంటే ప్రభుత్వం మీద తనకున్న అనుమానాలు పునఃపరిశీలించుకోవలసిందే. పిల్లలను పిలిచి సింకు చుట్టూ నిలబెట్టింది. ప్లంబరు కుళాయి విప్పి సంచిలో వేసుకున్నాడు. గొట్టం మూతికి బిరడా బిగించాడు.

"కొత్త కుళాయి ఏదీ?" అంది టీచరు.

"కొత్తదేంటమ్మా? నీళ్లు లేకపోతేనే ఏపుగా పెరుగుతాయని మీ బళ్లోనే తేలిందంట కదా. ఇక అన్ని బళ్లలోనూ విప్పేస్తున్నాం. మర్యాదకు మీది ముందు పెట్టారు."

పిల్లలు టీచరు వైపు చూశారు. టీచరు బిరడా వైపు చూసింది. ప్లంబరు స్టూలు మీద కూలబడి మెడ తుడుచుకున్నాడు.

"గొంతెండిపోతోందమ్మా. కాసిని మంచినీళ్లిప్పిస్తారా?"

ఆమె డబ్బా అందుకోబోయింది. ఇంతలో హెడ్మాస్టరుగారు గబగబా వచ్చి అడ్డంగా చెయ్యి పెట్టారు.

"ఒక్క నిమిషం ఆగు నాయనా. నీళ్లు పోయని కుండీకి ఇవాళ ఇంకా పోయలేదు."